గ్రామసభలో ‘కూసో బిడ్డా’ అన్నారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది మునుగోడు దగ్గర ఒక ఊరు. 1,400 దాకా ఓట్లుంటాయి. నాకు 24 ఏండ్లు, డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు చదువుతున్నా. రెండేళ్లు హైదరాబాద్‌లో ఉండి రూమ్ కిరాయి కట్టలేక ఊరికొచ్చేసిన. మొన్న గ్రామసభ పెడితే పోయిన, ముప్పై మంది కూడా లేరు. ఎస్సీ వాడకు పోయే బాటలో మురికి కాల్వ సగంలో ఆపేసిండ్రు, ఎందుకని అడిగిన. ‘కూసో బిడ్డా, నిన్నమొన్న వచ్చినవ్, నీకేం తెలుసు’ అని ఒక పెద్దాయన అంటే అందరూ నవ్విండ్రు. ఇంటికొస్తే మా నాన్న తిట్లు. ‘సర్పంచ్ మనోడే, నీకెందుకు పంచాయితీ, రేపు ఇల్లు మంజూరు కావాలంటే ఎవల దగ్గరికి పోవాలె’ అంటడు. మాకు యూత్ అసోసియేషన్ ఉంది. వినాయకుడిని పెడతం, సంక్రాంతికి క్రికెట్ టోర్నమెంట్ పెడతం, అంతే. ఊరి పనుల్లో మా మాట కూడా నడవాలంటే ఏం చేయాలి? లేకపోతే ఇవన్నీ వదిలేసి చదువుకోవడమే మంచిదా? (పేరు వద్దు)

జవాబు:

తమ్ముడూ, నీ ఉత్తరం చదువుతుంటే నవ్వొచ్చింది. నీ మీద కాదు, నా మీద. మాది పాలమూరు దిక్కు. నీ వయసులో ఉన్నప్పుడు నేనూ సభలో లేచాను, కాకపోతే నీకంటే అధ్వానంగా. బోరు మోటారు రిపేరు పేరు మీద ఒకే ఏడాది మూడుసార్లు బిల్లు ఎత్తారని హోటల్ దగ్గర ఎవరో అంటే విని, ఆ కోపంలో నేరుగా సభకు పోయి గట్టిగా అరిచేశాను. అప్పటి సర్పంచ్ ఒక్క మాట కూడా అనలేదు. మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, ‘ఏ నెల, ఎంత బిల్లు, చెప్పు బిడ్డా’ అన్నాడు. నా దగ్గర చిత్తు కాగితం కూడా లేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఊళ్లో నా పేరు ‘మోటారు’. 2013లో వార్డు మెంబరుగా గెలిచాక పాత రిజిస్టర్లు తిరగేస్తే తెలిసింది, బిల్లు ఎత్తింది మూడుసార్లు కాదు, రెండుసార్లే. ఆ రెండోది పక్క వాడ మోటారుకు. ఆ వాడలో మోటారు బిగించనే లేదు! అంటే నేను అరిచిన మాట తప్పు, అడగాల్సిన మాట ఏదో నాకు తెలియనే తెలియదు.

కాబట్టి ఆ పెద్దాయన నిన్ను చిన్నబుచ్చాడు నిజమే, ఆయన తీరు నాకూ నచ్చలేదు. కానీ ఆయన అడిగిన ‘నీకేం తెలుసు’ అన్న ప్రశ్నకు నీ దగ్గర జవాబుందా? కాల్వ ఎందుకు ఆగిందో కనుక్కునే పోయావా, సభలోనే కనుక్కుందామనుకున్నావా? రెండోదే అయ్యుంటుంది.

ఇన్నేళ్లలో నాకు అర్థమైనది ఇది. ఊళ్లో నిర్ణయం సభలో జరగదు. సగం పని సభకు వారం ముందే అయిపోతుంది, చాయ్ హోటల్ దగ్గర, సర్పంచ్ ఇంటి అరుగు మీద, కల్లు కాంపౌండ్‌లో. మిగతా సగం సభ అయ్యాక కార్యదర్శి తీర్మానాల రిజిస్టర్లో రాసే నాలుగు లైన్లలో. మధ్యలో జరిగేది చాయ్, బిస్కెట్లు, ఒక ఫోటో. మన చదువుకున్న పిల్లలు సరిగ్గా ఆ మధ్యలో లేచి నిలబడి, ఎవరూ వినలేదని బాధపడతారు. ముందూ లేకుండా, తర్వాతా లేకుండా మధ్యలో ఎంత గట్టిగా మాట్లాడినా అది ఫోటో కిందకే వస్తుంది.

ముప్పై మంది కూడా రాలేదన్నావు కదా, నీ ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చే మాట అదే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మన దగ్గర రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. దానికి కోరం, అంటే కనీసం ఇంతమంది ఉండాలన్న లెక్క కూడా ఉంది. 500 లోపు ఓటర్లున్న ఊరికి 50 మంది, వెయ్యి దాటి మూడు వేల లోపు ఉంటే 150 మంది. మీ ఊరికి 150 కావాలి, వచ్చింది ముప్పై. మరి మిగతా సంతకాలు ఎక్కడివి? సభ అయిపోయాక రిజిస్టర్ పట్టుకుని ఇంటింటికీ తిరిగో, కరువు పని దగ్గరికి పోయో పెట్టించుకుంటారు. అన్ని ఊళ్లలో ఉన్నదే. దీన్ని పట్టుకుని ఎంపీడీవో దగ్గరికి పోయి ఫిర్యాదు చేయమని నేను చెప్పను. చేస్తే ఒక్కరోజు హడావుడి, ఆ తర్వాత కార్యదర్శి నీకు ఐదేళ్లు శత్రువు. నేను చెప్పేది వేరు. సర్పంచ్‌కూ కార్యదర్శికీ ప్రతి రెండు నెలలకూ జనం కావాలి, వాళ్ల దగ్గర జనం లేరు. నీ దగ్గర యూత్ అసోసియేషన్ ఉంది. క్రికెట్ టోర్నమెంట్‌కు ఎంతమందిని జమ చేస్తారు మీరు? అందులో సగం మందిని సభకు తీసుకుపో, నిన్ను ‘కూసో’ అనే ధైర్యం ఎవరికుంటుందో చూద్దాం.

అయితే జనం ఊరికే రారు. 2025 జనవరిలో ఇండ్ల లిస్టు, రేషన్ కార్డుల లిస్టు చదువుతామంటే గ్రామసభలకు ఎట్లా ఎగబడ్డారో గుర్తుందా, కుర్చీలు చాలలేదు. తమ పేరు వినపడుతుందంటే వస్తారు, ‘గ్రామాభివృద్ధిపై చర్చ’ అంటే ఎవరూ రారు, నేనైనా రాను. నీ కాల్వ సంగతి కూడా అట్లా కావాలి. ఆ కాల్వ ఆగిపోవడం వల్ల ఎవరి గడప ముందు నీళ్లు నిలుస్తున్నాయి, ఏ ఇంట్లో పిల్లలకు జ్వరాలొచ్చాయి, వాన పడితే ఏ ముసలమ్మ బయటికి రాలేకపోతోంది, ముందు ఆ ఇండ్లు తిరుగు. లెక్క రాసుకో. ‘సభలో మీ గల్లీ కాల్వ ఎజెండాలో ఉంది, మీరు రాకపోతే మళ్లీ ఆగుతది’ అని ఇంటి ఆడవాళ్లకు చెప్పు. వాళ్లొస్తారు.

ఇక్కడొక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు. మీ యూత్ అసోసియేషన్‌లో ఎస్సీ వాడ పిల్లలు ఎంతమంది? చందా రాయించుకోవడం వరకేనా, అధ్యక్ష కార్యదర్శుల్లో ఎప్పుడైనా ఉన్నారా? ఆ వాడ కాల్వ గురించి ఆ వాడ పిల్లలు లేకుండా నువ్వొక్కడివే లేచి మాట్లాడితే అది ఉపకారంలా ఉంటుంది, ఊరి పెద్దలు కూడా దాన్ని తేలిగ్గా తీసేస్తారు. ఆ వాడ నుంచి ఒక పిల్లో పిల్లగాడో మాట్లాడాలి, నువ్వు పక్కన కాగితాలు పట్టుకుని నిలబడాలి. అసలు ఊళ్లలో ‘యువజన సంఘం’ అంటే చాలా చోట్ల ఒక గల్లీ, ఒక కులం, అందరూ మగపిల్లలు. దాన్ని యువత అని ఎట్లా అంటాం?

ఆడపిల్లల సంగతి కూడా అంతే. పొద్దున పదకొండు గంటలకు సభ పెడితే డిగ్రీ చదివే పిల్ల బస్సులో ఉంటుంది, బీఈడీ చేసి ఇంట్లో ఉన్న కోడలు వంటింట్లో ఉంటుంది. వాళ్లను మీ వాట్సాప్ గ్రూపులో పిలిస్తే రారు, రావద్దంటారు కూడా ఇంట్లోవాళ్లు. మహిళా సంఘాల మీటింగులో వీఓ (గ్రామ మహిళా సమాఖ్య) లీడరమ్మ దగ్గరికి పో. చట్టం ప్రకారం పంచాయతీలో ఎన్నిక లేకుండా తీసుకునే ముగ్గురు కో-ఆప్షన్ సభ్యులుంటారు, అందులో గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు ఒకరు (మిగతా ఇద్దరిలో ఒకరు రిటైరైన ఉద్యోగి లేదా సీనియర్ సిటిజన్, ఇంకొకరు దాత). ఓటు ఉండదు కానీ కుర్చీ ఉంటుంది. ఆమె ‘మా సంఘం పిల్లలు నలుగురొస్తున్నరు’ అంటే ఏ ఇంట్లోనూ కాదనరు. బస్టాండు నుంచి వాడ దాకా వీధి దీపాలు లేవన్న సంగతి మగపిల్లలకు గుర్తే రాదు, రాత్రి ఏడింటికి కాలేజీ బస్సు దిగే పిల్ల మొదట అదే చెప్తుంది.

సరే, కాల్వ దగ్గరికి వద్దాం. ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో మీ పంచాయతీ పేరు కొడితే ఏ ఏడు ఏ పనులు ప్లాన్‌లో పెట్టారు, ఎవరికెంత చెల్లించారు అన్నది కనపడుతుంది, ఫోన్‌లోనే చూడొచ్చు. అందులో దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు. పంచాయతీ స్థాయిలో అడిగితే ఫీజు లేదు, మండల ఆఫీసులో అయితే ఐదు రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్క పని గురించే అడుగు. ‘కాల్వ పని అంచనా ఎంత, ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, ఎంబీ రికార్డు (పని కొలతల పుస్తకం) నకలు ఇవ్వండి’, మూడు లైన్లు చాలు. ఇరవై ఏళ్ల రికార్డులన్నీ అడిగే వాళ్లుంటారు, వాళ్లను చూస్తే ఆఫీసులో ఎవరూ భయపడరు, విసుక్కుంటారంతే.

ఇంకొకటి, దొంగతనం ఉందని ముందే అనుకోకు. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు మన పంచాయతీలకు పాలకవర్గాలే లేవు, ప్రత్యేకాధికారులే నడిపారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు రాదు, దాంతో ఊళ్లలో చాలా పనులు ఎక్కడివక్కడ ఆగాయి. అంతకు ముందు సర్పంచులు కొందరు అప్పులు తెచ్చి పనులు చేయించి, బిల్లులు రాక ధర్నాలు చేసిన సంగతి మనందరికీ తెలుసు. మీ కాల్వ కూడా అట్లా ఆగి ఉండొచ్చు. అట్లా అయితే సభలో నువ్వు అడగాల్సింది ‘ఎవరు తిన్నారు’ అని కాదు, ‘ఈ ఏడు వచ్చే డబ్బులో దీన్ని ముందు పెట్టండి’ అని. 15వ ఆర్థిక సంఘం 2021-26 మధ్య ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్న షరతు ఉండేది, మురికి కాల్వ అందులో ఇమిడే పనే. ఇప్పుడొచ్చే నిధులకు ఏ షరతులున్నాయో కార్యదర్శిని అడుగు. అడిగితే ఆయనకూ నువ్వు చదివి వచ్చావని తెలుస్తుంది.

కార్యదర్శిని మంచి చేసుకో. అంటే లంచం అనుకునేవు, కాదు. ఆయన పొద్దున్నే ఊడ్చిన రోడ్డు ఫోటో ఆన్‌లైన్లో ఎక్కించాలి, నర్సరీలో మొక్కల లెక్క చెప్పాలి, ఇంటి పన్ను వసూలు కాలేదని పైనుంచి తిట్లు తినాలి, సర్పంచ్ ఒకటంటే ఉపసర్పంచ్ ఇంకోటంటే మధ్యలో చెక్కు పట్టుకుని నిలబడాలి. అతని వయసూ నీ వయసే అయ్యుంటుంది. సభకు పది రోజుల ముందే దరఖాస్తు రాసి, ఎజెండాలో పెట్టమని అడిగి, నకలు మీద ముట్టినట్టు సంతకం, తారీఖు తీసుకో. దాని మీద పది సంతకాలుండాలి, అందులో సగం ఆ వాడవే కావాలి. ఆ పోయేటప్పుడు మీ ఇంటి పన్ను రసీదు జేబులో పెట్టుకో! నేను నవ్వులాటకు చెప్పట్లేదు. సభలో పోరగాళ్ల నోరు మూయించడానికి ఊళ్లో వాడే మొదటి మాట ‘ముందు మీ నాయన ఇంటి పన్ను కట్టిండా’ అనేదే. మా ఊళ్లో నా నోరు రెండోసారి అట్లాగే మూతపడింది.

సభ రోజు నువ్వు మాట్లాడేది రెండు నిమిషాలు చాలు. అసలు పని చివర్లో ఉంది. అందరూ లేచి పోతుంటే నువ్వు కూర్చునే ఉండు. ‘సార్, తీర్మానం ఒకసారి చదవండి’ అని అడుగు. ఏం పని, ఏ నిధి నుంచి, ఎప్పటిలోగా, ఈ మూడూ ఆ లైన్లలో ఉండాలి. ‘డ్రైనేజీ సమస్యపై చర్చించడమైనది’ అని రాస్తే దానికి విలువ లేదు, ‘తీర్మానించడమైనది’ అని ఉండాలి. ఆ పేజీ ఫోటో తీసి ఊరి గ్రూపులో పెట్టు, కింద ఒక్క కామెంట్ కూడా రాయకు. రెండు నెలల తర్వాత మళ్లీ సభలో అదే ఫోటో చూపించి ‘ఇదేమైంది’ అని అడుగు. మొదటి సభలో నవ్వినవాళ్లు మూడో సభకు నిన్నే అడుగుతారు, ‘పోయినసారి ఏం రాసినం రా’ అని. ఎందుకంటే ఊళ్లో ఆ సంగతి గుర్తుంచుకున్నది నువ్వొక్కడివే అయ్యుంటావు.

చట్టంలోనే ఇంకో దారి కూడా ఉంది, మన ఊళ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రతి పంచాయతీలో నాలుగు స్టాండింగ్ కమిటీలు ఉండాలి, పారిశుద్ధ్యానికి ఒకటి, వీధి దీపాలకు ఒకటి, మొక్కలకు ఒకటి, పనులకూ సంతలకూ ఒకటి. 2019లో ముప్పై రోజుల ప్రణాళిక పెట్టినప్పుడు ఒక్కో కమిటీకి పదిహేను మంది చొప్పున ఊరికి అరవై మందిని వేశారు. మీ ఊళ్లో ఆ కమిటీలు కాగితం మీదే ఉండి ఉంటాయి, వాటిలో పేర్లున్న వాళ్లకు తమ పేరుందన్న సంగతి కూడా తెలియదు. కొత్త పాలకవర్గం వచ్చింది కాబట్టి కొత్త కమిటీలు వేయమని అడగండి, మీ అసోసియేషన్ నుంచి నలుగురి పేర్లివ్వండి. సర్పంచ్ కాదనడానికి కారణం ఉండదు, అందులో పదవీ లేదు, జీతమూ లేదు. వీధి దీపాల కమిటీతో మొదలుపెడితే మంచిది. ఎక్కడ వెలగట్లేదో లెక్క చెప్పడానికి ఒక్క రాత్రి చాలు, వారంలో ఫలితం కనపడుతుంది. కాల్వకు ఏడాది పట్టొచ్చు, అప్పటిదాకా మీ కుర్రాళ్లకు ఓపిక ఉండాలంటే ఇట్లాంటి చిన్న గెలుపు ఒకటి చేతిలో ఉండాలి.

పిల్లల మాట ఊరు వినదు అంటారు కానీ, మన దగ్గరే విన్న సందర్భం ఉంది. 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైనప్పుడు, కూలీల ఇండ్లలో చదువుకున్న పిల్లలనే ఎంచి ట్రైనింగ్ ఇచ్చి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ పంపారు. ‘నీకు పన్నెండు రోజుల కూలీ ముట్టినట్టు రాసి ఉంది, నిజమేనా అవ్వా’ అని అడిగి రాసుకొచ్చి సభలో చదివారు. వాళ్లకు పదవుల్లేవు, ఇరవై ఏళ్ల పిల్లలు. అయినా కూలీల మీద పని చూసే పెద్ద పెద్ద మేట్లు చెమటలు తుడుచుకున్నారు. వాళ్ల చేతిలో ఉన్నది ఏం ఉపన్యాసం? పేరు, రోజు, రూపాయి, అంతే.

మీ నల్గొండ సంగతే నీకు తెలియకపోతే మీ నాన్నను అడుగు. 1996 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఎవరూ పట్టించుకోవట్లేదని జలసాధన సమితి పిలుపిస్తే రైతులు గుంపులుగా పోయి నామినేషన్లు వేశారు. నల్గొండలో అభ్యర్థులు 480 మంది అయ్యారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. గెలిచింది సీపీఐ నాయకుడు ధర్మభిక్షం గారే, కానీ మర్రిగూడ, మునుగోడు దిక్కు నీళ్ల గోస దేశమంతా తెలిసింది అప్పుడే. ఆ తర్వాత డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు, అంటే పైవాళ్లకు ఎంత తగిలిందో చూడు. వాళ్లేమీ బస్సులు తగలబెట్టలేదు, చట్టంలో ఉన్న ఒక ఫారం నింపారు.

ఇక మీ నాన్న. ఆయన భయం పిరికితనం కాదు తమ్ముడూ, ఆయన ఊరిని నీకంటే ముప్పై ఏళ్లు ఎక్కువ చూశాడు. ఇల్లు, పింఛను, రేషన్ కార్డు, అన్నిటికీ ఎవరో ఒకరి గడప తొక్కాల్సిన ఊళ్లో ‘నీకెందుకు’ అనకుండా ఏ తండ్రి ఉంటాడు? ‘సర్పంచ్ మనోడే’ అన్నాడు కదా, ఆ మాటనే పట్టుకో. సభకు రెండు రోజుల ముందు నువ్వే సర్పంచ్ ఇంటికి పో, వరస పెట్టి పిలుస్తావు కదా, మామ అంటావో బాపు అంటావో, కూర్చుని చెప్పు. ‘నేను సభలో కాల్వ సంగతి అడుగుతున్నా, ఇదీ కాగితం, జవాబు తెచ్చుకోండి’ అని. తెలియని ప్రశ్న నలుగురిలో ఎదురైతే ఎంత మంచివాడైనా ఎదురు తిరుగుతాడు, ముందే తెలిస్తే తానే లేచి ‘యూత్ పిల్లలు అడిగిండ్రు, చేస్తున్నం’ అని చెప్పుకుంటాడు. చెప్పుకోనీ, కాల్వ పడితే చాలు కదా నీకు.

జాగ్రత్త పడాల్సింది సర్పంచ్ దగ్గర కాదు, 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయిన వర్గం దగ్గర. నువ్వు రెండో ప్రశ్న అడిగే నాటికి వాళ్లు నీ భుజం మీద చేయి వేస్తారు. ‘నీ అసుంటి పోరడు ఉండాలె ఊళ్లె’ అంటారు, టోర్నమెంట్‌కు కిట్టు స్పాన్సర్ చేస్తామంటారు. తీసుకున్నావా, ఆ రోజు నుంచి నీ కాల్వ వాళ్ల కాల్వ అవుతుంది, ఎస్సీ వాడ జనం మళ్లీ ఇండ్లలోనే ఉంటారు. చాయ్ తాగు, కిట్టు వద్దను. పోటీ చేసే ఆలోచన ఉంటే, 21 నిండినవాళ్లు ఎవరైనా చేయొచ్చు, నీ వయసు సరిపోతుంది, కానీ ఆ సంగతి ఇప్పుడే నోట్లోంచి రానీయకు. (కొన్ని ఊళ్లలో సర్పంచ్ పదవిని గుడి పేరు మీద వేలం పెడతారు, యూత్ పిల్లలే ముందుండి పాట పాడిస్తారు. మీ ఊళ్లో అట్లాంటిది జరిగితే కనీసం మీ అసోసియేషన్ పక్కన ఉండండి.)

వదిలేసి చదువుకోవాలా అన్నావు. చదువు వదలొద్దు. సభ రెండు నెలలకోసారి, దాని ముందు ఒక వారం సాయంత్రాలు, ఆ తర్వాత ఒక పూట. గ్రూప్స్ సిలబస్‌లో పంచాయతీరాజ్ ఎట్లాగూ ఉంది, 73వ సవరణ చదివేటప్పుడు మీ ఊరి రిజిస్టర్ పక్కన పెట్టుకుని చదువు, మరిచిపోమన్నా మరిచిపోవు. హైదరాబాద్‌లో ఉన్న మీ దోస్తులను కూడా ఊరికే గ్రూపులో తిట్టుకోనీయకు. హయత్‌నగర్, ఎల్బీనగర్ నుంచి మునుగోడు ఎంత దూరం? సభ తారీఖు పది రోజుల ముందే చెప్తే బండి మీద వచ్చి పోతారు.

ముందు కాల్వ ఒక్కటే పట్టుకో. నీళ్లు, బడి, బెల్టు షాపు అన్నీ ఒకేసారి వద్దు. రెండో సభ అయ్యాక మళ్లీ రాయి. ఎంతమంది వచ్చారు, రిజిస్టర్లో ‘చర్చించడమైనది’ అని రాశారా ‘తీర్మానించడమైనది’ అని రాశారా, అది మాత్రం తప్పకుండా చెప్పు.